దక్షిణాఫ్రికా రైలు: లైను మీద మనిషి నడవడం మానేస్తే

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే, మైకు కొంచెం దగ్గరికి జరుపుకుంటాను.

నేను లైను మనిషిని. ముప్పై నాలుగేళ్లు పట్టాల మరమ్మతు పనిలోనే ఉన్నాను, మొదట గుంతకల్లు వైపు మీటర్ గేజ్ మీద, గేజ్ మార్పిడి అయ్యాక బ్రాడ్ గేజ్ మీద. అందుకే ఏ ఊరు వెళ్లినా, ఏ దేశం వెళ్లినా నా కళ్లు స్టేషన్ బిల్డింగ్ మీదికి పోవు. ప్లాట్‌ఫాం చివర నిలబడి కిందికి చూస్తాను. కంకర శుభ్రంగా ఉందా, స్లీపర్ కింద గుల్లగా ఉందా, రెండు పట్టాలని కలిపే ఫిష్‌ప్లేట్ బోల్టులకి గ్రీజు పెట్టి ఎన్నాళ్లయింది, ఇవే చూస్తాను. మా అమ్మాయీ అల్లుడూ జొహన్నెస్‌బర్గ్‌లో ఉద్యోగాలు చేసిన రోజుల్లో రెండుసార్లు వెళ్లాను. 2016లో వెళ్లినప్పుడు వాళ్ల ఇంటికి దగ్గర్లోని స్టేషన్లో లోకల్ ట్రైన్ ఎక్కాను, బండి పాతదే గానీ కిక్కిరిసి ఉంది. 2022లో మళ్లీ అదే స్టేషన్‌కి వెళ్లి, అలవాటు కొద్దీ ప్లాట్‌ఫాం అంచు నుంచి వంగి చూశాను. కంకర ఉంది. స్లీపర్ల అచ్చులు ఉన్నాయి. పట్టాలు లేవు. పైకి చూస్తే కరెంటు తీగ లేదు, స్టేషన్ పైకప్పు రేకులు లేవు, టికెట్ కౌంటర్ కిటికీ ఊచలు కూడా లేవు. నాతో వచ్చిన టాక్సీ డ్రైవరు, ఇక్కడ ఎక్కువసేపు నిలబడకండి సార్, పదండి అన్నాడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండీ. తుఫానుకి లైను కొట్టుకుపోవడం చూశాను, వరదలో కట్ట తెగి పట్టాలు గాల్లో వేలాడటం చూశాను, కానీ మనుషులు విప్పుకుపోయిన లైను అప్పటిదాకా చూడలేదు. అప్పటినుంచి ఆ రైల్వే గురించి దొరికినదల్లా చదువుతున్నాను. ఈరోజు మీకు చెప్పేది అదే.

మొదటి నుంచి వస్తాను. 1860 జూన్ 26న డర్బన్‌లో, మార్కెట్ స్క్వేర్ నుంచి పాయింట్ అనే రేవు దాకా, మూడు కిలోమీటర్ల లైను మీద ఆవిరి బండి నడిచింది. దక్షిణాఫ్రికాలో జనం ఎక్కిన మొదటి ఆవిరి రైలు అదే. అదే ఏడాది నవంబర్ 16న అదే డర్బన్ రేవుకి మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ వచ్చింది. అందులో 342 మంది, చెరకు తోటల్లో పనికి ఒప్పందం మీద తీసుకెళ్లిన కూలీలు. అంటే ఆ ఊళ్లో రైలు పుట్టడం, మనవాళ్లు కాలు పెట్టడం ఐదు నెలల తేడాలో జరిగాయి. 1911 దాకా అలా వెళ్లినవాళ్లు లక్షా యాభై రెండు వేల మంది. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి, చిత్తూరు వైపు నుంచి వెళ్లిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. అందరూ చెరకు నరకలేదు. డర్బన్ ఉన్న ప్రాంతం పేరు నేటాల్, చాలామందిని ఆ నేటాల్ ప్రభుత్వ రైల్వే తీసుకుంది. మట్టి తవ్వడం, కట్ట పోయడం, కంకర కొట్టడం, పట్టా మోయడం. నా గ్యాంగులో మనుషులు చేసిన పనే, పేర్లు కూడా ఇంచుమించు అవే అయి ఉంటాయి.

ఒక విషయం నాకు ఆలస్యంగా తట్టింది. మన విశాఖపట్నం మీదుగా కటక్ నుంచి బెజవాడకి లైను పడింది 1890ల్లో. అంతకు ముందే విశాఖ జిల్లా పల్లెల నుంచి ఓడెక్కినవాళ్లు నేటాల్‌లో పట్టాలు వేస్తున్నారు. సొంత ఊరికి రైలు రాకముందే సముద్రం అవతల ఇంకొకరి దేశానికి రైలు వేశారన్నమాట. ఇది ఏ పుస్తకంలోనైనా రాశారో లేదో నాకు తెలియదు, రాయాల్సిన విషయమే.

ఇక గేజ్ సంగతి, అంటే రెండు పట్టాల మధ్య వెడల్పు, అది చెప్పకుండా నేను ముందుకు పోలేను. కేప్ టౌన్ వైపు మొదట బ్రిటన్‌లో వాడే వెడల్పుతోనే మొదలుపెట్టారు. 1870ల్లో లోపలికి కొండలెక్కించాల్సి వచ్చేసరికి, అంత వెడల్పుతో వంపులు తిప్పాలంటే ఖర్చు భరించలేమని 1067 మిల్లీమీటర్లకి తగ్గించారు. మన పాత మీటర్ గేజ్ కన్నా 67 మిల్లీమీటర్లు ఎక్కువ, నాలుగు వేళ్లు పక్కపక్కన పెట్టినంత. దానికి కేప్ గేజ్ అనే పేరు వచ్చింది, దక్షిణాఫ్రికా చుట్టుపక్కల దేశాలన్నిటికీ అదే పాకింది. ఈ కొలత గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

వజ్రాలు దొరికాయి, రైలు 1885లో కింబర్లీ చేరింది. 1886లో జొహన్నెస్‌బర్గ్ దగ్గర బంగారం బయటపడింది, ఇక మూడు రేవుల నుంచి మూడు లైన్లు ఆ బంగారం వైపు పరుగు పెట్టాయి. కేప్ లైను 1892లో ముందు చేరింది. జొహన్నెస్‌బర్గ్ అప్పట్లో ట్రాన్స్‌వాల్ అనే వేరే దేశంలో ఉండేది, దాని అధ్యక్షుడు క్రూగర్‌కి బ్రిటిష్ వాళ్ల రేవుల మీద ఆధారపడటం ఇష్టం లేదు, అందుకని పోర్చుగీసు వాళ్ల డెలగోవా బే రేవుకి, అంటే ఇప్పటి మపుటోకి, తన సొంత దారి వేయించుకున్నాడు. మూడోది డర్బన్ లైను, అదీ 1895 చివరికల్లా వచ్చేసింది. ఇప్పుడు ఆ దేశం రైల్వే మ్యాపు తీసి చూడండి. రేవు దగ్గర మొదలై గని దగ్గర ఆగే గీతలే ఎక్కువ. ఈ ఊరివాళ్లు ఆ ఊరికి పోవాలి అని వేసిన లైన్లు తక్కువ.

డర్బన్ లైను ఆలస్యం కావడం వల్ల జరిగిన ఒక సంగతి మనందరికీ తెలుసు, కానీ లైను వల్ల జరిగిందని తెలియదు. 1893 జూన్ 7 రాత్రి గాంధీ గారిని పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో ఫస్ట్ క్లాస్ పెట్టెలోంచి దించేశారు. చిన్నప్పుడే చదువుకున్నాం. మరి మర్నాడు మళ్లీ రైలెక్కి వెళ్లిన మనిషి ఆ తర్వాత గుర్రబ్బండిలో ఎందుకు ప్రయాణం చేశారు, అందులో తన్నులు ఎందుకు తిన్నారు? ఎందుకంటే అప్పటికి నేటాల్ లైను చార్ల్స్‌టౌన్ దగ్గర అయిపోయింది. అక్కడి నుంచి జొహన్నెస్‌బర్గ్‌కి పట్టా లేదు. మూడేళ్లు ముందు ఆ లైను పూర్తయి ఉంటే ఆ బండివాడి దెబ్బలు ఉండేవి కావు. నేను ఆ స్టేషన్‌కి వెళ్లాను. ఎర్ర ఇటుకల కట్టడం, పైన ఇనుప అల్లిక. జూన్ నెల అక్కడ చలికాలం, నేను వెళ్లింది కూడా ఆ నెలలోనే, రెండు స్వెట్టర్లు వేసుకుని కూడా వణికాను.

ఇంకొకటి చెప్పి గాంధీ గారిని వదిలేస్తాను. 1913లో, ఒప్పందం ముగిసిన భారతీయుల మీద వేసిన మూడు పౌన్ల పన్నుకి వ్యతిరేకంగా, న్యూకాజిల్ బొగ్గు గనుల్లో సమ్మె మొదలై వేలమంది భారతీయ కూలీలు పని ఆపేశారు. 1914 జనవరిలో ఆయన మళ్లీ పాదయాత్ర తీయబోతుంటే, సరిగ్గా అప్పుడే తెల్ల రైల్వే కార్మికులు వాళ్ల కోరికల కోసం సమ్మెకు దిగారు. ప్రభుత్వం ఉక్కిరిబిక్కిరి అయింది. ఆ సందు చూసి దెబ్బకొట్టడం సరికాదని ఆయన యాత్ర వాయిదా వేశారు. రైల్వే ఆగితే దేశం ఊపిరి ఆగుతుందని ఆ రోజుల్లోనే అందరికీ అర్థమైంది.

1910 మే 31న నాలుగు రాష్ట్రాలు కలిసి యూనియన్ అయినప్పుడు రైల్వేలన్నీ కలిపి సౌత్ ఆఫ్రికన్ రైల్వేస్ చేశారు, రేవులు కూడా దాని కిందే. 1924 తర్వాత వచ్చిన ప్రభుత్వం పేద తెల్లవాళ్లకి ఉద్యోగాలు ఇవ్వడానికి రైల్వేని వాడుకుంది, ఆ క్రమంలో నల్లవాళ్లనీ మనవాళ్లనీ పక్కకి నెట్టారు. కట్ట పోసినవాడి మనవడికి గ్యాంగులో కూడా చోటు లేకుండా పోయింది. దీని గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు, కానీ నా మనసు ఇంజినీర్ల పని వైపు లాగుతోంది, ఎందుకంటే పని మాత్రం గొప్పగా చేశారు.

కరూ అని ఒక ఎండిన మైదానం ఉంది అక్కడ, మన అనంతపురం కన్నా ఎండు. ఆవిరి ఇంజనుకి బొగ్గు కన్నా నీళ్లు ముఖ్యం, గుంతకల్లులో పెద్దవాళ్లు చెప్పేవారు, ఎండాకాలం నీళ్ల కోసమే వేరే బండి నడిపేవాళ్లమని. కరూలో 1953 నుంచి 90 ఇంజన్లు దించారు, క్లాస్ 25 అంటారు. వాడేసిన ఆవిరిని పొగగొట్టంలోకి వదలకుండా వెనక టెండర్లోకి, అంటే బొగ్గూ నీళ్లూ మోసే పెట్టెలోకి పంపి, ఫ్యాన్లతో చల్లార్చి మళ్లీ నీళ్లు చేసుకునేవి. ఆ టెండరు ఇంజనంత పొడుగు. చుక్ చుక్ శబ్దమే ఉండదట, సన్నగా ఈల వేసినట్టు పోయేవట. నీళ్లు లేని నేల మీద ఇంత ఆలోచన చేశారే అని నాకు చాలా గౌరవం.

ఇప్పుడు గేజ్ దగ్గరికి వస్తాను. సిషెన్ అనే చోట ఇనుప ఖనిజం ఉంది, సల్దాన్యా అనే చోట లోతైన రేవు ఉంది, మధ్యలో 861 కిలోమీటర్లు, చాలాభాగం మనిషి అలికిడి లేని నేల. 1976లో లైను వేశారు. తీగలో 50 వేల వోల్టులు పెట్టారు, మన లైన్లలో ఉండేది 25 వేలు. వోల్టులు పెంచితే సబ్‌స్టేషన్లు దూరం దూరంగా కట్టుకోవచ్చు, ఎడారిలో అది పెద్ద లాభం. 1989 ఆగస్టులో ఆ లైను మీద ఒకే బండికి 660 వ్యాగన్లు తగిలించారు. పదహారు ఇంజన్లు. పొడుగు 7.3 కిలోమీటర్లు, బరువు సుమారు 70 వేల టన్నులు. ఇరవై రెండు గంటల నలభై నిమిషాల్లో రేవు చేర్చారు. మన దక్షిణ మధ్య రైల్వే 2021లో కొండపల్లి నుంచి త్రిశూల్ అని మూడు గూడ్సులు కలిపి 177 వ్యాగన్లతో నడిపినప్పుడు మా వాట్సాప్ గ్రూపులన్నీ మోగిపోయాయి, గర్వపడాల్సిన పనే అది. వీళ్లు ముప్పై రెండేళ్ల ముందు 660 నడిపారు, అదీ మన మీటర్ గేజ్ కన్నా నాలుగు వేళ్లు ఎక్కువ ఉన్న పట్టా మీద. అంత బరువు మోయాలంటే కింద కంకర ఎంత జాగ్రత్తగా ప్యాకింగ్ చేసి ఉండాలో, వెల్డింగులు ఎంత బాగా పడి ఉండాలో నాకు తెలుసు.

అయితే ఆ లైను మీద రోజువారీ ప్యాసింజరు బండి లేదు. మన బైలదిల్లా ఖనిజం విశాఖకి తేవడానికి వేసిన కిరండూల్ లైను మీద కూడా ఖనిజమే ముఖ్యం, కానీ అరకు వాళ్లు ఆ లైను మీదే రైలెక్కి సంతకి పోతారు. సిషెన్ లైను మీద అలా లేదు.

మనుషులు ఎక్కే రైళ్లు వేరే రకంగా పుట్టాయి. 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం తెచ్చి, ఏ రంగు మనిషి ఎక్కడ బతకాలో ప్రభుత్వం గీత గీసింది. సిటీ మధ్యలో ఉన్నవాళ్లని ఖాళీ చేయించి ఇరవై ముప్పై కిలోమీటర్ల అవతల కాలనీల్లో పడేశారు. కానీ వాళ్లు వచ్చి పని చేయకపోతే సిటీ నడవదు. అందుకని కాలనీలకి లోకల్ లైన్లు. సొవెటో, మమెలోడి, ఖయెలిట్షా, ఉమ్లాజీ, మనవాళ్లని పంపిన చాట్స్‌వర్త్, అన్నీ అలాంటివే. పెట్టెలు వేరు, ప్లాట్‌ఫాంలు వేరు, మెట్ల వంతెనలు కూడా వేరు. అన్యాయం కోసం వేసిన లైన్లే, నిజమే. కానీ 1994లో వర్ణవివక్ష పాలన పోయి అందరికీ ఓటు వచ్చాక కూడా ఇళ్లు అక్కడే ఉన్నాయి, పని ఇక్కడే ఉంది. తక్కువ చార్జీతో పనికి చేర్చేది రైలొక్కటే. రైలు ఆగితే మినీ బస్సు టాక్సీ ఎక్కాలి, ఇంట్లో పనిచేసే ఆవిడ జీతంలో పెద్ద ముక్క దానికే పోతుంది. మా అమ్మాయి ఇంట్లో పనిచేసిన ఆవిడ తెల్లవారి నాలుగింటికి బయల్దేరేది. 2016లో ఐదున్నరకి బయల్దేరితే సరిపోయేదట.

ఇక ఎలా పాడైంది అనే దగ్గరికి వస్తాను. 1990లో రైల్వేని ట్రాన్స్‌నెట్ అనే కంపెనీ చేశారు, షేర్లన్నీ ప్రభుత్వానివే. 2009లో ప్యాసింజరు బండ్లన్నీ ప్రాసా అనే ఇంకో సంస్థకి పోయాయి. 2014లో ట్రాన్స్‌నెట్ 1,064 ఇంజన్లు కొంటానని ఒప్పందాలు చేసుకుంది. అక్కడి డబ్బు రాండ్లలో 38.6 బిలియన్లు అనుకున్నది 54 బిలియన్లు దాటింది. ఆ డబ్బు ఎవరి జేబులకి ఎలా పోయిందో తర్వాత ప్రభుత్వ అవినీతి మీద విచారణ జరిపిన జోండో కమిషన్ పేజీలకి పేజీలు రాసింది. ఒప్పందం గొడవల్లో పడటంతో చైనా కంపెనీ నుంచి స్పేర్ పార్టులు రావడం ఆగిపోయి, కొత్త ఇంజన్లు వందల్లో షెడ్డుల్లో నిలబడిపోయాయి. ప్రాసా వైపు చూస్తే, 2015లో స్పెయిన్ నుంచి దించిన డీజిల్ ఇంజన్లు అక్కడి లైన్లకి ఎత్తు ఎక్కువ. 70కి ఆర్డరిచ్చి 13 వచ్చాక కోర్టు ఒప్పందాన్నే కొట్టేసింది. మా డిపార్ట్‌మెంట్లో కొత్త క్రేను వస్తే ముందు టేపు పట్టుకుని కొలిచేవాళ్లం. ఇంజన్ కొనేవాళ్లు టేపు పట్టలేదంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అయినా డబ్బు తిన్నంత మాత్రాన పట్టాలు మాయం కావు. పట్టాలు పోయింది 2020లో. మార్చి చివర కోవిడ్ లాక్‌డౌన్ వచ్చింది, బండ్లన్నీ ఆపేశారు. అదే సమయానికి సెక్యూరిటీ గార్డుల కాంట్రాక్టులు కూడా రద్దయి ఉన్నాయి. ఇక్కడ నా అనుభవం కొద్దీ ఒక మాట చెబుతాను. నడుస్తున్న లైనుకి నడవడమే కాపలా. తీగలో కరెంటు ఉన్నంతసేపు ఎవడూ దాని మీద చెయ్యి వేయడు. బండి పోతున్నంతసేపు డ్రైవరు కళ్లు లైను మీద ఉంటాయి. కీమన్ పొద్దున్నే సుత్తీ స్పానరూ భుజాన వేసుకుని తన ఐదారు కిలోమీటర్లు నడుస్తాడు, ఊడిన కీ కొట్టుకుంటూ, వదులైన బోల్టు బిగించుకుంటూ. ఈ మూడూ ఒకేసారి ఆగిపోతే ఆ తీగ ఇక తీగ కాదు, కిలోల లెక్కన అమ్ముకునే రాగి. అక్కడ సరిగ్గా ఇదే జరిగింది. మొదట తీగ పోయింది, తర్వాత సిగ్నల్ కేబుళ్లు, తర్వాత స్టేషన్ రేకులూ తలుపులూ, ఆఖరికి గ్యాస్ కట్టర్లు తెచ్చి పట్టాలు. సరుకు రవాణా లైన్ల మీద కూడా 2022-23 ఒక్క ఏడాదిలో వెయ్యి కిలోమీటర్ల పైన కేబులు దొంగతనమైంది.

కేప్ టౌన్‌లో ఇంకోలా జరిగింది. సెంట్రల్ లైను మీద, లంగా, ఫిలిప్పీ దగ్గర, బండ్లు రాని పట్టాల మీదే జనం రేకుల ఇళ్లు వేసుకున్నారు. వాళ్లని తిట్టేవాళ్లున్నారు, నేను తిట్టలేను. లాక్‌డౌన్‌లో అద్దె కట్టలేక రోడ్డున పడ్డవాళ్లు వాళ్లు. ఆ రైలు తిరిగితే ఎక్కి పనికి పోవాల్సినవాళ్లు కూడా వాళ్లే. వాళ్లకి వేరే చోటు చూపించి లైను ఖాళీ చేయించేసరికి ఏళ్లు పట్టింది.

2008-09లో లోకల్ రైళ్లలో ఏడాదికి 60 కోట్లకు పైగా ప్రయాణాలు జరిగాయి. చాలా కిందికి పడిపోయి, తేరుకున్నాక కూడా 2024-25లో 7.7 కోట్లు. సరుకు చూడండి, 2017-18లో 22.6 కోట్ల టన్నులు మోసిన రైల్వే 2022-23కి 15 కోట్ల టన్నులు కూడా మోయలేకపోయింది. రిచర్డ్స్ బే రేవు నుంచి బొగ్గు ఎగుమతి 7.6 కోట్ల టన్నుల నుంచి 2023లో 4.7 కోట్లకి పడిపోయింది. గనుల్లో బొగ్గు గుట్టలుగా ఉంది, కొనేవాళ్లు ఉన్నారు, తెచ్చే రైలు లేదు. లారీల వరస రేవు బయట కిలోమీటర్ల కొద్దీ. ఆ బొగ్గు కొనేవాళ్లలో మన దేశమే ముందుంది, కృష్ణపట్నం రేవులో దిగి బళ్లారి వైపు స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలకి పోయేది అదే. అక్కడ ఒక తీగ తెగితే ఇక్కడ ఒక కొలిమికి బొగ్గు ఆలస్యం.

ఇందాక ఎవరో చీటీ పంపారు, ఇప్పుడు ఎలా ఉంది, ప్రైవేటు వాళ్లకి ఇచ్చేశారా అని. ఇచ్చేయలేదు. 2025 ఆగస్టులో పదకొండు కంపెనీలని ఎంపిక చేశారు, వాళ్లు తమ గూడ్సు బండ్లు తెచ్చి అదే లైన్ల మీద నడుపుకోవచ్చు, పట్టాలు మాత్రం ట్రాన్స్‌నెట్ చేతిలోనే ఉంటాయి. సరుకు కొంచెం పుంజుకుంది, 2024-25కి 16 కోట్ల టన్నులు. అక్కడే కట్టిన ఫ్యాక్టరీ నుంచి నీలం రంగు కొత్త లోకల్ రైళ్లు వస్తున్నాయి, కేప్ టౌన్ సెంట్రల్ లైను దశల వారీగా మళ్లీ తెరిచారు. మంచి వార్తే. కానీ కొత్త బండ్ల ఫొటోలు వేసినప్పుడు నేను బండి చూడను, కింద చూస్తాను. పదకొండు కంపెనీలు కాదు, ముప్పై రానివ్వండి, ఆ పట్టా మీద రోజూ పొద్దున్నే నడిచే మనిషికి జీతం ఎవరు ఇస్తున్నారు, ఎంతమందిని పెట్టారు అన్నదే నా ప్రశ్న. బడ్జెట్‌లో ముందు కోసేది ఆ జీతాన్నే, అక్కడైనా, ఇక్కడైనా. మన దగ్గర కూడా గ్యాంగుల్లో ఖాళీలు పెరిగితే నాకు టెన్షన్ వచ్చేది అందుకే.

చాట్స్‌వర్త్ సంగతి ఒకటి మిగిలింది. డర్బన్‌లో అక్కడి తెలుగువాళ్ల ఇంటికి భోజనానికి పిలిచారు. ఎనభై దాటిన పెద్దాయన, తెలుగు పది మాటలు వస్తాయి, అన్నం, నీళ్లు, అమ్మ, రా, కూర్చో. వాళ్ల ముత్తాత రైల్వేలో పట్టా పని చేశాడట. ప్లాస్టిక్ కవర్లో భద్రం చేసిన కాగితం తెచ్చి చూపించాడు, ఓడ పేరు, నంబరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా విశాఖపట్నం అని ఉంది. ఊరి పేరు ఇంగ్లీషు దొర ఎలా విన్నాడో అలా రాశాడు, గంటసేపు ఇద్దరం పలికి పలికి చూశాం, విజయనగరం దగ్గరి ఒక ఊరని నాకు అనిపించింది. ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న, ఆ ఊరికి ఇప్పుడు రైలుందా అని. ఉంది బాబాయ్, రోజూ ప్యాసింజరు ఆగుతుంది అన్నాను. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూశాడు. తర్వాత కిటికీలోంచి చెయ్యి చాచి చూపించాడు, కింద లోయలో వాళ్ల స్టేషన్ కనిపిస్తోంది. మాది ఎప్పుడొస్తుందో తెలియదు, అన్నాడు.